పనసపొట్టు కూర

ఈ రోజుల్లో ఎవరు పోయినా, పెద్దకర్మ నాడు వాళ్ళ బతుకును మిషను సినిమా తీసి చూపిస్తుంది. హీరో చివరికి మారితేనే దాని లెక్కలో కథ. అందుకే, వద్దన్న పెళ్ళి చేసుకుందని పోయేదాకా కూతురు వకుళ గడప తొక్కని మా ఆయన, తెర మీద దాని ఇంటికెళ్ళి పనసపొట్టు కూర అడిగి మరీ తింటున్నాడు.

"నాన్న నిజంగా మారాడా అమ్మా?" పక్కనే కూర్చున్న వకుళ అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాను. "లేదే తల్లీ. నువ్వెళ్ళాక నీకిష్టమైన ఆ కూర ఇంట్లో వండనివ్వలేదు. పక్కింటి నుంచి వాసనొచ్చినా కంచం వదిలి లేచిపోయేవాడు."

"మరి అది సినిమాలో లేదేం?"

"మారని మనిషి కథ దానికి చేతకాదమ్మా."

నేను సినిమా ఆపబోయాను. వకుళ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అమ్మా, తిననీ."