బొగ్గుబాట

పరుగు మధ్యలో అదెల్మో ఆగిపోయాడు.

దారి పక్కన చెస్ట్‌నట్ చెట్టు మీద ఎర్ర గీత. అరచెయ్యంత వెడల్పు. వేలు పెడితే రంగు అంటుకుంది.

నాలుగడుగుల అవతల ఇంకో చెట్టు మీద ఇంకోటి. మలుపు తిరిగాక మరోటి.

ముప్పై ఏళ్లుగా చెట్లు కొట్టి బతుకుతున్న మనిషి. ఎర్ర గీత అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. గీత పడిన చెట్టు నెల తిరిగేలోగా నేల కూలుతుంది.

బొగ్గుబాట పొడుగునా ఉన్నాయి. మొత్తం నలభై ఒకటి.

ఒకప్పుడు బొగ్గు కాల్చేవాళ్లు కంచరగాడిదలతో నడిచిన బాట అది. ఇప్పుడు నడిచేవాళ్లు లేరు, పరిగెత్తేవాళ్లే. ఏటా అక్టోబరులో మోంతెఫాజ్జో పరుగు పందెం దాని మీదే. ఆ పందెం లేకపోతే ఊరి పేరు పక్క లోయలో కూడా ఎవరికీ గుర్తుండదు.

వేసవిలో ఆ అడవి అమ్ముడుపోయింది. కొన్నవాడి మొహం ఎవరూ చూడలేదు. లాయరు వచ్చాడు, సంతకాలు పెట్టాడు, వెళ్లాడు. ఇక కంచె పడుతుంది, పందెం పోతుంది అని ఊరంతా బెంగపెట్టుకుంది.

బాట మలుపులన్నీ కంఠతా తెలిసినవాడు అదెల్మో ఒక్కడే. తండ్రి చూపించాడు. తను ఇంకొకరికి చూపించాడు. మూడు వారాలైంది.

కొర్రాదో అని, అరవై ఏళ్ల మనిషి. ఇర్మా కాఫీ దుకాణం పైన గది తీసుకున్నాడు. మొదటిరోజే పరుగున సగం కొండెక్కి, రాయి మీద కూలబడ్డాడు.

"పట్నం కాళ్లు," అన్నాడు అదెల్మో.

"కాళ్లని అనకండి. ఊపిరే రావడం లేదు."

"రేపు ఆరింటికి రా. ఎక్కడ పరిగెత్తాలో, ఎక్కడ నోరు మూసుకుని నడవాలో చెప్తాను."

అప్పటినుంచి రోజూ ఇద్దరూ కలిసే పరిగెత్తారు. అదెల్మో అతనికి ఊటలు చూపించాడు. చివరికి పుట్టగొడుగులు మొలిచే పల్లం కూడా చూపించాడు. ఆ ఊళ్లో అలాంటి చోటు కన్నకొడుక్కి కూడా చెప్పరు.

"మా బావమరిది అడిగి అడిగి ముసలాడైపోయాడు. వాడికి చెప్పలేదు."

"మరి నాకెందుకు చెప్తున్నారు?"

"నువ్వు అడగలేదు కాబట్టి."

ఇప్పుడు ఆ పల్లం పైనున్న చెట్టు మీద కూడా ఎర్ర గీత ఉంది.

అదెల్మో దుకాణంలోకి వచ్చేసరికి కొర్రాదో కాఫీ తాగుతున్నాడు. గోళ్ల సందుల్లో రంగు.

"ఆ గీతలు నువ్వేనా పెట్టింది?"

"నేనే. అప్పుడే చూశారా? అంతా అయ్యాక చూపిద్దామనుకున్నాను."

దుకాణంలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"అయ్యాక ఇంకేం మిగుల్తుందని చూపిస్తావు? అడవి కొన్నవాడి మనిషివా నువ్వు?"

"ఎవరి మనిషినీ కాదు, అదెల్మో. ముందు నా మాట..."

"పేరు పెట్టి పిలవకు."

"సోమవారం దాకా ఆగండి. ఆఫీసు నుంచి..."

"సోమవారం రంపాలొస్తాయా?"

"రంపాలేమిటి?"

"మూడు వారాలు నా వెనకే పరిగెత్తావు. నా తండ్రి దారి నా నోటితోనే చెప్పించుకున్నావు. అడక్కుండానే చెప్పాను చూడు, అదీ నా తెలివి."

ఇర్మా వచ్చి కొర్రాదో ముందున్న కప్పు తీసేసింది. అందులో ఇంకా సగం కాఫీ ఉంది. మోంతెఫాజ్జోలో సగం తాగిన కప్పు తీసేశారంటే ఆ మనిషికి ఇక ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

"రెండింటికి బస్సుంది," అంది.

కొర్రాదో ఒక్కొక్కరి మొహమూ చూశాడు. అదెల్మో మొహం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. సంచీ సర్దుకుని బస్సెక్కాడు.

మధ్యాహ్నం అదెల్మో, అతని బావమరిది కత్తులూ ఇనుప బ్రష్షులూ పట్టుకుని కొండెక్కారు. నలభై ఒక్క గీతలూ బెరడుతో సహా గీకేశారు. అరచేతులు బొబ్బలెక్కాయి.

"మొద్దులా నమ్మాను రా."

"పోన్లే బావా, బాట దక్కింది." బావమరిది బ్రష్షు దులుపుతూ అన్నాడు. "ఆ పల్లం సంగతి మాత్రం వాడికి చెప్పావు. నాకు చెప్పలేదు."

సోమవారం ఒకామె జీపులో వచ్చింది. జిల్లాలో నడకదారుల ఆఫీసు నుంచి. చేతిలో పటం.

"బొగ్గుబాట చూడాలండీ."

అదెల్మో ముందు నడిచాడు. నాలుగైదు చెట్లు దాటాక ఆమె ఆగింది.

"గుర్తులేవి?"

"ఏం గుర్తులు?"

"దారి గుర్తులండీ. ఎర్ర గీత, దాని కింద తెల్ల గీత. శుక్రవారానికి ఎరుపు అయిపోతుంది, ఆరాక శనివారం తెలుపు వేస్తానన్నారు."

అదెల్మో చెట్టు వంక చూశాడు. గీకిన చోట పచ్చిగా ఉంది.

"గుర్తులు పడి, మా పుస్తకంలోకి ఎక్కిందంటే ఇక ఆ బాట ఊరిది," అంది ఆమె. "అడవి ఎన్ని చేతులు మారినా దానికి కంచె వెయ్యడానికి లేదు. అయినా శనివారం ఆయన ఫోన్ చేశారు. ఊళ్లోవాళ్లకి ఇష్టం లేనట్టుంది, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానన్నారు. ఒకసారి మిమ్మల్నే అడిగి పోదామని వచ్చాను."

"గుర్తులు నేను వేస్తాను. ఎరుపూ తెలుపూ రెండూ. సాయంత్రానికల్లా."

"నా చేతుల్లో లేదండీ. ఆయనే మళ్లీ దరఖాస్తు పెట్టాలి."

"అసలు ఎవరాయన? పరుగు పందేల సంఘం మనిషా?"

ఆమె దరఖాస్తు కాగితం తీసి అతని చేతికిచ్చింది.

అదెల్మోకి చదవడం నెమ్మది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ కింది దాకా వచ్చాడు.

'ఈ బాటను మోంతెఫాజ్జో ఊరికి శాశ్వతంగా వదులుతున్నాను, అడవి యజమాని' అన్న చోట కొర్రాదో సంతకం ఉంది.