ఓడినవాడి పని

"వచ్చే ఐతారం మీరు రాకుండ్రి వాహెద్ భాయ్," అన్నాడు శ్రీపాద, అతని ముఖం చూడకుండా.

అబ్దుల్ వాహెద్ చేతిలో రెక్కల రాక్షసుడు ఉన్నాడు. బొటనవేలంత బొమ్మ. దాన్ని దూదిలో చుడుతున్నవాడల్లా ఆగాడు.

"ఏమైంది భాయ్?"

కంపెనీ నుంచి ఆట చూడటానికి వస్తున్నారని చెప్పాడు శ్రీపాద. నచ్చితే వాళ్లే బొమ్మల్ని అచ్చుల్లో పోయించి, పెట్టెల్లో పెట్టి ఊరూరా అమ్ముతారు.

ఆ ఆట శ్రీపాద సొంతంగా కట్టింది. బ్యాంకులో పని ముగించుకుని, హుస్సేనీ ఆలంలో తను ఒంటరిగా ఉండే ఈ మేడగదికి వచ్చి, తలుపేసుకుని, ఏళ్ల తరబడి ఒక్కడే కట్టాడు. బల్ల మీద అట్టలతో చేసిన పాడుబడ్డ కోట. దాని కోసం రెండు చిన్న దండులు కొట్టుకుంటాయి. ఒక్కో దండులో గుప్పెడు బొమ్మలే. విలుకాడు, మంత్రగత్తె, రాక్షసుడు, వాళ్ల వెనక ఒకరిద్దరు బంట్లు. దర్జీ టేపుతో కొలిచి బొమ్మను నడపాలి. పాచిక వేసి కొట్టాలి. దెబ్బతిన్న బొమ్మ బల్ల దిగిపోతుంది.

ఆదివారం సాయంత్రాలు బ్యాంకు స్నేహితులు రాఘవ్, సాయికుమార్ వచ్చేవారు. ఒకసారి వాళ్ల వెనకే, పక్క గల్లీలో ఉండే వాహెద్ వచ్చి గుమ్మంలో నిలబడి, తను కూడా ఆడొచ్చా అని అడిగాడు. అప్పటి నుంచి ఒక్క ఆదివారమూ మానలేదు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ఆఖరాటలో ఓడినవాడు ఉండిపోయి బొమ్మలన్నీ దూదిలో చుట్టి సర్దాలి. మిగతావాళ్లు చెప్పులేసుకుని పోవచ్చు.

ఆఖరాట ఎప్పుడూ శ్రీపాదకీ వాహెద్‌కీ మధ్యే. ఓడేది ఎప్పుడూ వాహెదే.

"వాహెద్ భాయ్ ఆడనీకి రాడన్నా, సర్దనీకి వస్తడు," అని రాఘవ్ మెట్లు దిగుతూ నవ్వేవాడు.

వాహెద్ కూడా నవ్వేవాడు. సర్దడం మహా నిదానం. ఒక్కో బొమ్మనూ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టెలో పెట్టేవాడు. మధ్యలో లేచి రెండు కప్పుల చాయ్ పెట్టేవాడు. తన డాబా మీది పావురాల సంగతీ, చార్మినార్ దగ్గర గాజులమ్మే తన తమ్ముడి బడాయీ చెబుతూ ఉండేవాడు. శ్రీపాద సగం విని సగం వదిలేసేవాడు. ఎప్పుడు పోతాడా అనుకునేవాడు. ఆ రాత్రి మాత్రం బాగా నిద్రపట్టేది. అది గెలుపు వల్ల అనుకునేవాడు.

"ప్రతిసారి మీరే ఓడితే ఆటలోనే తప్పున్నట్టు కనబడతది," అన్నాడు శ్రీపాద ఇప్పుడు. "మళ్ల నేనే పిలుస్త."

"అరే, దాంట్ల ఏముంది. ఫికర్ చేయకుండ్రి." వాహెద్ రాక్షసుణ్ని పెట్టెలో పడుకోబెట్టాడు. "మరి ఆ రోజు సర్దేది ఎవరు?"

"నేనే సర్దుకుంట."

"ఒక్కరేనా?"



తరువాతి ఆదివారం కంపెనీ నుంచి మాన్య అనే అమ్మాయి వచ్చింది. బొమ్మల్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయింది. కొన్నే ఉన్నాయి, నేర్చుకోవడం సులువు, చాయ్ చల్లారేలోగా ఎవరైనా ఆడటం మొదలుపెట్టొచ్చు అని మెచ్చుకుంది.

శ్రీపాద, రాఘవ్ ఆడారు. రాఘవ్ విలుకాడు మొదటి బాణానికే శ్రీపాద రాక్షసుణ్ని పడగొట్టాడు. ఇక శ్రీపాద దండు గోడ కూలినట్టు కూలింది. మళ్లీ ఆడారు. మళ్లీ అంతే.

మాన్య కప్పు కింద పెట్టింది.

"మొదటి దెబ్బ తిన్నవాడు మళ్లీ లేవట్లేదు సార్. ఆ తర్వాతంతా కూర్చుని తన చావు తను చూసుకోవడమే."

"అట్ల ఎన్నడూ కాలేదమ్మా. ప్రతి ఐతారం ఆఖరి బొమ్మ దాక నడిచింది. ఎవరు గెలుస్తరో తెల్వకపోయేది."

"ఎవరితో ఆడేవారు?"

 రాఘవ్, సాయికుమార్‌ల ఆటలు గబుక్కున ముగిసేవన్నది ఇప్పుడు శ్రీపాదకు గుర్తొచ్చింది. వాళ్లకు ఓపిక లేదనుకునేవాడు.

మాన్య వెళ్లిపోయింది. రాఘవ్ ఓడలేదు కాబట్టి అతనూ వెళ్లిపోయాడు. సాయికుమార్‌కు ఏదో పని గుర్తొచ్చింది.

శ్రీపాద బొమ్మలు సర్దలేదు.

ఆ తర్వాత ఆదివారాలకు ఎవరూ రాలేదు. బల్ల దిగిన రాక్షసుడు పక్కన పడినట్టే ఉన్నాడు. రెక్కల మీద దుమ్ము పేరుకుంది. కింద గల్లీలో చెప్పుల చప్పుడైతే శ్రీపాద చెవి అటే పోయేది. వాహెద్‌ను పిలవాలనిపించేది. పిలిస్తే, ఆట నిలబడింది అతనివల్లేనని ఒప్పుకున్నట్టు. ఆ ఒక్కటి అనుకోగానే ఆగిపోయేవాడు. నెలలు గడిచాయి.

చివరికి ఒక సాయంత్రం, బొమ్మల్ని పెట్టెలోకి ఎత్తి, దాన్ని చంకలో పెట్టుకుని పక్క గల్లీలోకి నడిచాడు.

వాహెద్ కూతురు హిబా తలుపు తీసింది. పెట్టె చూడగానే అతనెవరో తెలిసినట్టుంది. తన అబ్బా గుండెపోటుతో రంజాన్‌కు ముందే పోయాడని చెప్పింది. లోపల కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

గోడకు ఆనించి ఒక అట్ట ఉంది. దాని మీద పెన్సిల్‌తో గీసిన కోట.

"అబ్బా మాకు గూడ నేర్పిండు అంకుల్," అన్నది హిబా. "బొమ్మలు లేవు గద, సీసా మూతలతోటి ఆడేటోళ్లం."

ఏదో ఒకటి అనాలి కాబట్టి శ్రీపాద అన్నాడు: "పాపం, ఇంట్ల గూడ ఓడేటోడా?"

హిబా అతని వైపు వింతగా చూసింది.

"మమ్మల్ని ఒక్కసారి గూడ గెలవనియ్యలె. మరి ఐతారం ఎందుకు గంత లేటుగ వస్తవని అమ్మీ అడిగితే, 'ఆ ఇంట్ల మాత్రం ఓడాలె, అది గూడ నిదానంగ ఓడాలె, నేను గెలిస్తే ఆ మనిషి ఒక్కడే కూసొని బొమ్మలు సర్దుకోవాల్సొస్తది' అనేటోడు."