ఐదో ఓటు

“ఎంటర్ నొక్కమ్మా,” అన్నాడు మేనేజరు. “అవతలి భవనం ఉలకదు, పలకదు. పోయినట్టే.”

ఇక్కడి సర్వర్లు చూసుకునే సర్వర్లమ్మ వేలు గాల్లోనే ఆగింది. ఆసుపత్రి రికార్డుల సర్వర్లు ఇక్కడ రెండు, బావ చూసుకునే అవతలి భవనంలో రెండు. మధ్య తీగ తెగింది. సర్వరుకో ఓటు; మూడు ఓట్లుంటే తప్ప ఏ పక్కా నడవదు. ఇద్దరికీ ఒక్క ఓటే లోటు. ఎంటర్ నొక్కితే ఆ లోటుతోనే ఆ పక్క ఒంటరిగా నడుస్తుంది. ఐదో ఓటును మూడోచోట పెడదామంటే మేనేజరు ‘చూద్దాం’లో పెట్టాడు. ఇప్పుడు ఏ రోగికి ఏ మందో ఎవరికీ కనిపించడం లేదు.

“నెల నుంచి మా బావా నాతో పలకట్లేదు సార్. పోయాడా ఏంటి, అలిగాడు. అటూ ఇటూ ఇద్దరం బలవంతంగా నడిపిస్తే, ఒకరు రాసింది ఇంకొకరికి కనపడక ఒకే రోగికి రెండుసార్లు మందు పడుతుంది.”

రెండు భవనాలకూ బయట, మూడోచోట ఉన్నది అక్క, బావ భార్య. ఆమెకు ఫోన్ చేసింది.

“పలకనిది నువ్వేనే,” అంది అక్క. “ఆయన నంబరు బ్లాక్ చేశావుగా. అరగంటగా ఫోన్ చేస్తున్నా నువ్వు కలవట్లేదట. మీ భవనం పోయిందనుకుని, తనే నొక్కేస్తానంటున్నారు.”

సర్వర్లమ్మ గబగబా బ్లాక్ తీసింది. వెంటనే ఫోన్ మోగింది.

“బతికే ఉన్నావా మరదలా,” అన్నాడు బావ.

“ఉన్నాను బావా. నువ్వు నొక్కు. నేను నొక్కను.”