చీపురు కొస

ఆ పొద్దున బొల్లారం మీద మబ్బు దట్టంగా కమ్మింది గానీ ఒక్క చినుకూ రాలలేదు. హైడ్రోజన్‌తో నడిచే బస్సును పరీక్షించే షెడ్డులో సిలిండర్లు దిగాయి. ఇంజనీరు రిచర్డ్, కాపలాదారు జకర్యా చేతికి వెదురుకర్రకు కట్టిన కొండచీపురు ఇచ్చాడు.

"ఈ గ్యాస్ లీకై అంటుకుంటే మంట కంటికి కనబడది, జకర్యన్నా. చీపురు ముందట పట్టి నడువు. అది కాలిందంటే ఆగు."

"కావలి కొలువన్నవ్, ఊడ్చుడు సుత నీదేనా?" అని భార్య ప్రేమమణి నవ్వింది.

రాత్రి తొమ్మిదికి సిలిండర్ల దగ్గర బుస్సుమని చప్పుడైంది. చాచిన చీపురు కొస భగ్గుమంది. జకర్యా దాన్ని నేలకేసి కొట్టి ఆర్పి, వాల్వు బిగించాడు. చప్పుడు ఆగింది. మళ్లీ చాపితే చీపురు కాలలేదు. ఊపిరి పీల్చుకుని, షెడ్డు చివర తామిద్దరూ ఉండే గదివైపు నడిచాడు.

నాలుగడుగులకే చీపురు అంటుకుంది. అక్కడ సిలిండరు లేదు, పైపు లేదు, చప్పుడూ లేదు. ఆర్పి, పక్కగా తప్పుకుని గదిలోకి వచ్చి, వెనక్కి తిరిగి గడప అవతలికి చాపాడు. మళ్లీ అంటుకుంది.

"ఎవలు ముట్టిచ్చిన్రయ్యా?" అంది ప్రేమమణి.

జకర్యా ఫోన్ తీశాడు. ఫోన్ చేస్తే రిచర్డ్, "అల్వాల్‌ల ఉన్న, అర్ధగంటల వస్తా. కదలకుర్రి," అన్నాడు. గదికి ఇంకో దారి లేదు. చీపురు ఆర్పి, సగం బయట, సగం లోపల ఉండేలా గడప మీద పెట్టాడు.

ప్రేమమణి అన్నం, పప్పు వడ్డించింది. తింటుండగా చీపురు పుల్లలు ఒక్కొక్కటే నల్లబడసాగాయి, గడపకు ఇవతల, గది లోపలి వైపు. ఆమె చూసింది. అతనూ చూశాడు. ఇద్దరూ తర్వాతి ముద్ద కలిపారు.