ప్రకటనలు పడిన క్యాసెట్టు

రాజోలు, 1999

చిరంజీవి సాయిదుర్గకు,

డిటెక్టివ్ సీరియల్ నూరో భాగం నుంచి చెడిందని రాశావు. తప్పు. ఎనభయ్యో భాగంలో చచ్చిన హంతకుడికి కవల తమ్ముడు పుట్టుకొచ్చినప్పుడే చెడింది.

'తెలిసీ మళ్లీ మొదట్నుంచీ ఎందుకు చూస్తావు అమ్మమ్మా?' అన్నావు. మీ తాతయ్య రికార్డు చేసిన పద్ధతి నీకు తెలియదు. ప్రకటన రాగానే వీసీఆర్ నొక్కి ఆపేవారు, కథ రాగానే వదిలేవారు. నేను 'నొక్కేరా?' అంటే, 'నొక్కేనే, గోల చెయ్యకు' అనేవారు. ముప్పై క్యాసెట్లలో ఒక్క సబ్బుబిళ్ల కనబడదు.

ఆఖరిదాంట్లో తప్ప. ఆ సాయంత్రం కథ మరీ చెత్తగా ఉందని విసుక్కుని, నేను వంటింట్లోకి లేచిపోయాను. ప్రకటనల మోత వినబడింది. 'ఏవండీ, నిద్రపోయేరా? నొక్కరేం?' అని అక్కణ్ణించే దెప్పాను. ఆయన మరి పలకలేదు. సబ్బులు, టీపొడి, వార్తలు, టేపు అయిపోయేదాకా అన్నీ ఎక్కేశాయి.

ఇప్పుడు మాత్రం ఆ చెత్త భాగాన్ని, ఆయన కుర్చీ పక్కనుంచి లేవకుండా, వార్తలతో సహా చూస్తాను.

సబ్బు ప్రకటన దగ్గర బొమ్మ గీతలు పడుతోంది. వీసీఆర్ హెడ్ శుభ్రం చేసే క్యాసెట్టు అమలాపురంలో దొరుకుతుందట. ఆదివారం వచ్చేటప్పుడు ఒకటి పట్రా.

మీ అమ్మమ్మ