సత్రం పెద్దమ్మ మీద ఫిర్యాదులు

“నలభై ఒకటో ఫిర్యాదు,” అంటూ విల్ఫ్ గట్టిగా చదివాడు. “‘మీ సత్రం పెద్దమ్మ నాకు గది ఇవ్వనంది. ముందు నీ చెల్లెలికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పు, ఆ తర్వాతే తాళంచెవి అంది. నేను ఆడుకోవడానికి వచ్చానా, చీవాట్లు తినడానికా?’ ఒరేయ్ క్లైడ్, ఇలాంటివి కూడా రాశావేంట్రా నువ్వు!”

“నేను రాయలేదురా బాబూ,” క్లైడ్ తల పట్టుకున్నాడు. “ఆవిడకి నేను రాసింది మూడే మాటలు. ‘రండి. గది ఉంది. జాగ్రత్తగా వెళ్ళండి.’ అంతే!”

కెనడాలోని సెయింట్ జాన్స్ రేవుకి ఎదురుగా, ఇనప సామాన్ల కొట్టు పైన రెండు గదుల్లో ఉంది వాళ్ళ కంపెనీ. మూడేళ్ళు కష్టపడి, పొగమంచు కమ్మిన ఒక రేవు ఊరిని వీడియో గేమ్‌గా తయారు చేశారు. అమ్మకానికి పెట్టేముందు అరవై మందికి ఇచ్చి, ఆడి చూసి తప్పులు చెప్పమన్నారు. ఆటల వాళ్ళు దీన్నే బీటా అంటారు.

మొదటి వారం అందరిదీ ఒకటే పాట. ఊరు బాగుంది, పడవలు బాగున్నాయి, పలకరించే దిక్కే లేదు. సత్రం ముసలావిడ కూడా చిలకలా మూడు ముక్కలే అంటుంది.

రెండో వారం చిలక నోరు విప్పింది. ఏమైనా తిన్నావా అని అడగడం మొదలెట్టింది. నిన్న చెప్పిన దగ్గు తగ్గిందా అంది. రేపు పరీక్ష పెట్టుకుని ఈ ఆటలేమిటని ఒక నర్సింగ్ విద్యార్థినిని బయటికి సాగనంపింది. జవాబులు ఆలస్యంగా వస్తున్నాయని కొందరు, మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా అసలు పలకడమే లేదని కొందరు విసుక్కున్నారు.

క్లైడ్ కోడ్ మొత్తం తిరగేశాడు. బగ్, అంటే ప్రోగ్రాంలో తప్పు, ఎక్కడా దొరకలేదు. చివరికి పెద్దమ్మ పేరుతో జవాబులు కొడుతున్నది విల్ఫేనేమోనని అనుమానించాడు.

“మనుషులతో మాట్లాడే ఓపిక నాకుంటే, మా ఆవిడ నాతో ఎందుకు పోట్లాడుతుందిరా?” అన్నాడు విల్ఫ్.

అదీ నిజమే అనిపించింది క్లైడ్‌కి.

రోజూ రెండింటికి అందరూ కొరీన్ గదిలో గంటసేపు హాజరు కావాలి. కంపెనీ ఆవిడదే. యాభై దాటిన మనిషి. నవ్వగా చూశామని చెప్పినవాళ్ళు లేరు.

“సత్రం సంగతి ఏమైంది?” అంది ఆ రోజు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

“ఇంకా దొరకలేదండీ. ఇంకొక్క రెండ్రోజులు...”

“వారమైంది. ఇక వదిలెయ్. పడవలు రాళ్ళలోంచి దూసుకుపోతున్నాయి, వాటి సంగతి చూడు.”

“కానీ ఫిర్యాదులు వస్తున్నాయి కదండీ.”

“అన్నీ నేనూ చదువుతున్నాను. పడవలు చూడమన్నాను.”

అందరి ముందూ అన్నమాట. క్లైడ్ మొహం ఎర్రబడింది. నీ చేత కాదని ఇంతకన్నా ఎలా చెబుతారు? హాలిఫాక్స్‌లో ఒక పెద్ద కంపెనీ నెలనుంచీ రమ్మంటోంది. బల్ల దగ్గరికి వచ్చి రాజీనామా రాసేశాడు.

అప్పుడే విల్ఫ్ తన తెర అతని వైపు తిప్పాడు. నలభై ఒకటో ఫిర్యాదు చేసిన మనిషే మళ్ళీ రాశాడు. ‘చెల్లెలితో మాట్లాడాను. మాటలాగిపోయి తొమ్మిదేళ్ళయింది. ఆ పెద్దమ్మని మాత్రం బాగుచెయ్యకండి.’

సాయంత్రం ఇంటికెళ్ళాక క్లైడ్ ఆట తెరిచి, జోనా అని దొంగపేరు పెట్టుకుని సత్రంలో అడుగుపెట్టాడు.

“రా నాయనా. ఏమైనా తిన్నావా?”

“ఆకలి లేదు పెద్దమ్మా,” అని టైపు కొట్టాడు.

“ఆకలి ఊరికే చావదు. ఏం జరిగింది?”

కోడ్‌తో మాట్లాడుతున్నానని తెలిసినా, ఎందుకో చెప్పుకోవాలనిపించింది.

“ఆఫీసులో ఒక తప్పు కోసం వెతుకుతున్నాను. వారమైనా దొరకలేదు.”

“దొరికితే ఏం చేస్తావు?”

“పీకి పారేస్తాను.”

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది.

“అయ్యో. అంత కానిపని ఏం చేసిందది?”

క్లైడ్‌కి చెల్లెలితో మాట్లాడానని రాసిన మనిషి గుర్తొచ్చాడు.

“కానిపనేం చెయ్యలేదులే. నా బాధ దానితో కాదు. మా బాస్ ఉంది, ఒట్టి పుల్లమొహం. మూడేళ్ళలో ఒక్కసారి బాగుందన్న పాపాన పోలేదు. ఇవాళ అందరి ముందూ తీసిపారేసింది. రేపు రాజీనామా ఇచ్చేస్తున్నా.”

ఈసారి జవాబు ఎంతకీ రాలేదు. పక్కనున్న టీ చల్లారిపోయింది. ఆట చచ్చిందేమో అనుకుంటుండగా అక్షరాలు పడ్డాయి.

“కొంతమందికి మంచి మాట గొంతు దాకా వస్తుంది గానీ నోట్లోంచి రాదు నాయనా. ఎన్నేళ్ళొచ్చినా అలవాటు కాదు. ఆ కాగితం బల్ల మీద పడేసి పోకు. ఎదురుగా కూర్చుని చేతికివ్వు. ముందు లేచి ఏదైనా తిను.”

బగ్ చెబితే వినేదేమిటని క్లైడ్ నవ్వుకున్నాడు. అయినా లేచాడు. రెండు గుడ్లు వేయించుకుని తిన్నాడు. వారం తర్వాత ఆ పూటే తిండి రుచి తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కొరీన్ గది తలుపు తట్టాడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడేవాడు, ఈసారి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఉత్తరం చేతికిచ్చాడు.

కొరీన్ విప్పలేదు. కవరు అటూ ఇటూ తిప్పింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

“ఇందులో కూడా ‘పుల్లమొహం’ అనే రాశావా, నాయనా?”