ఇంద్రసభలో పెళ్ళిచూపులు

“ఏం మాట్లాడినా ఫర్వాలేదు. నిద్ర మాత్రం పోకు లా!” సింగపూర్ హౌగాంగ్‌లో తమ ఫ్లాట్ తలుపు కొట్టేముందు నందిత అక్కడి యాసలో మరోసారి హెచ్చరించింది. “అక్క పెళ్ళిచూపుల్లో మా బావ, నాన్న తీసిన గుహల ఫొటోలు చూస్తూ గుర్రుపెట్టాడు. అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతుంది. అమ్మ సరేనంటేనే మన పెళ్ళి, తెలుసుగా!”

నందిత అంటే కౌశిక్‌కి ప్రాణం. అందుకే ఊరికి ఆ చివరనున్న బూన్ లేలో రైలెక్కేముందు, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో రెండు కాఫీలు లాగించి మరీ వచ్చాడు.

నందిత నాన్న విశ్వేశ్వరరావు గారు ఊరూపేరూ కూడా అడక్కుండా టీవీలో ఫొటోలు పెట్టేశారు.

“ఎల్లోరా జైన గుహలోయ్! దీన్ని ఇంద్రసభ అంటారు. కొండని తొలిచి చెక్కిన గుడి. పైకప్పులో ఆ తామరపువ్వు చూడు!”

మొదట కౌశిక్ మర్యాదకే తలూపాడు. జైన తపస్వి బాహుబలి శిల్పం వచ్చేసరికి నిజంగానే ముందుకు జరిగాడు. తపస్సులో నిలబడ్డ మనిషి కాళ్ళకీ చేతులకీ తీగలు అల్లుకుపోయాయి. పాదాల దగ్గర లేళ్ళు భయం లేకుండా పడుకున్నాయి. ఆ ముఖంలో ఎంత ప్రశాంతత! రాతిలో ఇంత మెత్తదనం ఎలా తెచ్చార్రా బాబూ అనుకున్నాడు.

నందిత అమ్మ సత్యవాణి గారు పకోడీల పళ్ళెం తెచ్చారు. “బోర్ కొడితే మొహమాటపడకు బాబూ. టీవీ కట్టేయిస్తాను.”

అమ్మో, పరీక్ష మొదలైంది!

“బోరా! ఇంకా చూడాలనుంది ఆంటీ!” అన్నాడు కౌశిక్. అది అబద్ధం కూడా కాదు.

“ఇదిగో జైనుల దేవత అంబిక,” అన్నారు విశ్వేశ్వరరావు గారు. “తలమీద మామిడిచెట్టు కాయలతో సహా చెక్కారు!”

“ఆ స్తంభం పక్కన సంచులు పట్టుకుని నిలబడ్డదెవరు అంకుల్?”

“మీ ఆంటీయే, పెళ్ళైన కొత్తలో. స్తంభం ఎంత ఎత్తో తెలియాలి కదా! అన్ని ఫొటోల్లోనూ నిలబెట్టాను. కాళ్ళు నొప్పులని ఒకటే సణుగుడు!”

“భలే ఐడియా అంకుల్! మేం వెళ్ళినప్పుడు నందితని నిలబెడతాను.”

విశ్వేశ్వరరావు గారు పొంగిపోయారు. టీ తెస్తున్న సత్యవాణి గారు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయారు.

“చాలా దూరం నుంచి వచ్చావు. కాసేపు కళ్ళు మూసుకో బాబూ, ఎవరూ ఏమీ అనుకోరు,” అన్నారు బతిమాలుతున్నట్టు.

“ఎందుకాంటీ! అంకుల్, ఆ తీగల ఫొటో మళ్ళీ వెయ్యండి.”

చివరి ఫొటో అయ్యాక విశ్వేశ్వరరావు గారు కౌశిక్ వీపు తట్టారు. “నాకు బాగా నచ్చేశాడు. నువ్వేమంటావు వాణీ?”

సత్యవాణి గారు కౌశిక్ వైపు జాలిగా చూసి నిట్టూర్చారు.

“ఆవులించేవాడికే నా పిల్లనిద్దామనుకున్నాను నాయనా.”